పదిహేను రోజుల ప్రధాన న్యాయమూర్తి

2024 జులై 5న రాంచీ రాజ్‌భవన్‌లో జస్టిస్ బిద్యుత్ రంజన్ సారంగి ఝార్ఖండ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ప్రమాణం చేశారు. జులై 19న రిటైరయ్యారు. మొత్తం పదిహేను రోజులు, అందులోనే శని ఆదివారాలు. కొత్త గదిలో కుర్చీ ఎత్తు సరిచేసుకునేలోపే వీడ్కోలు సభ.

ఆయన పేరును సుప్రీంకోర్టు కొలీజియం సిఫారసు చేసింది 2023 డిసెంబరు 27న. ఆ మర్నాడే అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ సంజయ కుమార్ మిశ్రా పదవీ విరమణ. సారంగి పేరు పంపిన రోజే కొలీజియం మరో నాలుగు హైకోర్టులకూ పేర్లు పంపింది. అలహాబాద్, రాజస్థాన్, గౌహతి ఫైళ్లు ఫిబ్రవరి మొదటి వారానికల్లా కదిలాయి, ప్రమాణాలు కూడా అయిపోయాయి. పంజాబ్-హర్యానా, ఝార్ఖండ్ ఫైళ్లు మాత్రం జులై దాకా ఢిల్లీలోనే ఉండిపోయాయి. ఒకే జాబితా, ఒకే తేదీ, ఒకే సంతకాలు. మూడింటికి ఒక వేగం, రెంటికి ఇంకో వేగం. ఎందుకో ఎవరూ చెప్పలేదు. చెప్పాలన్న నిబంధనా లేదు.

జంషెడ్‌పూర్ తెలుగువాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మూడు నాలుగు తరాల కిందట టాటా కంపెనీకి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలవి. ఏ, బీ, సీ షిఫ్టుల మీద బతుకు నడిపిన ఆ ఇళ్లలో రిలీవర్ అనే మాట పిల్లలకూ తెలుసు. కొలిమి దగ్గర నిలబడ్డవాడు దిగాలంటే రిలీవర్ వచ్చి నిలబడాలి. రాంచీ హైకోర్టులో మాత్రం రిలీవర్ పేరు రాసిన కాగితం ఆరు నెలలు గేటు బయటే ఉంది.

రిటైర్మెంటు రాజకీయం అనగానే మన పత్రికల్లో అమెరికా కథే ఎక్కువగా వస్తుంది. అక్కడి సుప్రీంకోర్టు న్యాయమూర్తికి వయోపరిమితి లేదు. ఎప్పుడు దిగాలో ఆయనే తేల్చుకుంటాడు, ఆ తేల్చుకోవడమే రాజకీయం. 2018లో ఆంథొనీ కెన్నెడీ, 2022లో స్టీఫెన్ బ్రెయర్ తమను నియమించిన పార్టీ అధ్యక్షుడు గద్దె మీద ఉండగానే తప్పుకున్నారు. ఒబామా కాలంలో తప్పుకోని రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ 2020 సెప్టెంబరులో కన్నుమూశారు. నలభై రోజులు తిరక్కుండా ఆమె స్థానంలో ట్రంప్ ఎంపిక చేసిన ఎమీ కోనీ బ్యారెట్‌ను సెనేట్ 52-48 ఓట్లతో ఖాయం చేసింది.

మన దగ్గర ఆ వెసులుబాటు లేదు. హైకోర్టులో 62, సుప్రీంకోర్టులో 65. ఏ న్యాయమూర్తి ఏ తేదీన దిగుతాడో, ఆ తర్వాత ప్రధాన న్యాయమూర్తి ఎవరో పుట్టినతేదీలు దగ్గర పెట్టుకుని ఎవరైనా లెక్క కట్టొచ్చు. అందుకే మనది తటస్థమైన ఏర్పాటు అనుకుంటాం. నా లెక్కలో అది సగమే నిజం. దిగే తేదీ కదలదు కాబట్టి రాజకీయమంతా ఎక్కే తేదీ మీదికి వచ్చి చేరింది. ఒక మనిషిని వద్దనడానికి ప్రభుత్వం వద్దు అని రాయక్కర్లేదు, ఊరుకుంటే చాలు. ఆలస్యమైన ప్రతి నెలా ఆ మనిషి పదవీకాలంలోంచి తెగిపోతుంది. సంతకం లేని తిరస్కారం ఇది.

సారంగి దిగాక కుర్చీ మళ్లీ ఖాళీ. జస్టిస్ సుజిత్ నారాయణ్ ప్రసాద్ తాత్కాలికంగా బాధ్యత తీసుకున్నారు. అప్పటికే, జులై 11న, కొలీజియం తర్వాతి పేరు పంపి ఉంది. ఆయన మనవాడే, జస్టిస్ ఎం.ఎస్. రామచంద్రరావు. సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా, ఆపై లా కమిషన్ అధ్యక్షుడిగా పనిచేసిన జస్టిస్ ఎం. జగన్నాథరావు కుమారుడు. హైదరాబాద్ నుంచి చండీగఢ్ వెళ్లి, అక్కణ్నుంచి సిమ్లాలో హిమాచల్ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఈ ఫైలూ ఆగింది. ఈసారి హేమంత్ సోరెన్ ప్రభుత్వం ఊరుకోలేదు. సెప్టెంబరులో కేంద్రం మీద సుప్రీంకోర్టులో కోర్టు ధిక్కార పిటిషన్ వేసింది. మా హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తిని వెయ్యండి మహాప్రభో అని ఒక రాష్ట్రమే కోర్టుకెక్కడం అరుదైన దృశ్యం. సెప్టెంబరు 21న ఉత్తర్వులు వచ్చాయి, 25న రామచంద్రరావు ప్రమాణం చేశారు. పిటిషన్ వల్ల వచ్చాయా, రావలసి ఉండి వచ్చాయా అన్నది ఎవరి రాజకీయాన్నిబట్టి వారు చెప్పుకున్నారు.

అయితే తప్పంతా కేంద్రానిదేనా? డిసెంబరు 28న ఖాళీ వస్తుందని ఎన్నాళ్ల ముందు నుంచో తెలిసిన కొలీజియం పేరు పంపింది 27న. జులై 19 సారంగి ఆఖరి రోజని తెలిసీ తర్వాతి పేరు పంపింది జులై 11న. హైకోర్టు న్యాయమూర్తుల ఖాళీలకు ఆరు నెలల ముందే పేర్లు పంపాలని నియామకాల విధాన పత్రంలో ఉంది. ఆ గడువును హైకోర్టులూ పాటించవు. ఒకరు ఆఖరి నిమిషంలో పంపుతారు, ఇంకొకరు ఆ నిమిషాన్ని ఆరు నెలలు సాగదీస్తారు. ఇద్దరూ ఒకరినొకరు చూపించి తప్పుకుంటారు.

ఈ జబ్బు మొదట ఇలా కనబడలేదు. 1973లో అది బాహాటం. ఏప్రిల్ 24న కేశవానంద భారతి తీర్పు, మర్నాడే షెలత్, హెగ్డే, గ్రోవర్ ముగ్గురినీ దాటి ఎ.ఎన్. రేకు ప్రధాన న్యాయమూర్తి పదవి. ముగ్గురూ రాజీనామా చేశారు. వారిలో హెగ్డే నాలుగేళ్లకు లోక్‌సభ స్పీకర్ అయ్యారు. 1977లో హెచ్.ఆర్. ఖన్నాకు అదే గతి పట్టింది. 1981 నాటి మొదటి న్యాయమూర్తుల కేసు ప్రభుత్వానిదే పైచేయి అంది. 1993, 1998 తీర్పులు దాన్ని తిరగేసి కొలీజియం చేతికి తాళాలిచ్చాయి. ఆనాటి నుంచి సీనియర్‌ను దాటడం అనే మొరటు పద్ధతి పోయింది. ఫైలు మీద కూర్చోవడం అనే మర్యాదైన పద్ధతి వచ్చింది.

కొలీజియాన్ని లోపలి నుంచి నిలదీసినవాడు ఒక తెలుగువాడు. కృష్ణా జిల్లా పెదముత్తేవికి చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. పార్లమెంటు దాదాపు ఏకగ్రీవంగా తెచ్చిన జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను 2015 అక్టోబరు 16న రాజ్యాంగ ధర్మాసనం 4-1తో కొట్టేసింది. ఆ ఒక్కరూ ఆయనే. మరుసటి ఏడు కొలీజియం సమావేశాలకు వెళ్లడం మానేశారు. ఎవరు ఏమన్నారో రాసిపెట్టాలి, రాసిపెడితేనే వస్తాను అన్నది ఆయన పట్టు. 2017 అక్టోబరు నుంచి కొలీజియం తన తీర్మానాలను వెబ్‌సైటులో పెట్టడం మొదలెట్టింది. ఆ తీర్మానాల్లో కారణాలు కొన్నాళ్లు వివరంగా, కొన్నాళ్లు ఏకవాక్యంగా ఉంటున్నాయి. ఎవరు ప్రధాన న్యాయమూర్తి అయితే వారి ఇష్టం.

చలమేశ్వర్ కథలోనే ఇంకో చిత్రం ఉంది. 2011 అక్టోబరు 10న ఆయనా, జస్టిస్ దీపక్ మిశ్రా ఒకే రోజు సుప్రీంకోర్టు న్యాయమూర్తులుగా ప్రమాణం చేశారు. ముందు మిశ్రా, వెనక చలమేశ్వర్. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ముందుగా అయింది చలమేశ్వర్, 2007లో. హైకోర్టు న్యాయమూర్తి ముందుగా అయింది మిశ్రా, 1996లో. ఏ లెక్క పట్టుకోవాలన్నది ఎక్కడా స్థిరంగా రాసిలేదు. ఆ ఉదయం వరుస తారుమారై ఉంటే 2017 ఆగస్టులో జస్టిస్ ఖేహర్ దిగాక పది నెలలు దేశ ప్రధాన న్యాయమూర్తి చలమేశ్వర్. అలా కాలేదు. 2018 జనవరి 12న తన ఇంటి పచ్చికలో మరో ముగ్గురు న్యాయమూర్తులతో కలిసి విలేకరుల ముందు కూర్చున్నది ఆయనే. కేసుల పంపకం సరిగ్గా లేదని ఆ నలుగురి ఫిర్యాదు. ఆ పంపకం అధికారం ప్రధాన న్యాయమూర్తిది. కొన్ని నిమిషాల తేడాతో చేసిన రెండు ప్రమాణాల బరువు ఎంతో ఆ పూట దేశానికంతా తెలిసింది.

ఈ నిమిషాల లెక్క ప్రభుత్వాలకూ బాగా తెలుసు. ఉత్తరాఖండ్‌లో రాష్ట్రపతి పాలనను 2016లో కొట్టేసిన జస్టిస్ కె.ఎం. జోసెఫ్‌ను ఉమ్మడి హైదరాబాద్ హైకోర్టుకు బదిలీ చేయాలని కొలీజియం ఆ ఏడే కోరింది. ఆ ఫైలు కదల్లేదు. 2018 జనవరిలో సుప్రీంకోర్టుకు సిఫారసు చేస్తే ఏప్రిల్‌లో వెనక్కొచ్చింది. మళ్లీ పంపితే ఆగస్టులో ఒప్పుకున్నారు, అయితే అదే రోజు ప్రమాణం చేసిన ఇందిరా బెనర్జీ, వినీత్ శరణ్‌ల కింద మూడోవాడిగా. ఝార్ఖండ్ ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న జస్టిస్ అనిరుద్ధ బోస్ పేరునూ 2019లో కేంద్రం తిప్పి పంపింది. కొలీజియం పట్టుబట్టాక ఒప్పుకుంది. అదే కొలీజియం జస్టిస్ అకిల్ ఖురేషీ విషయంలో వెనక్కి తగ్గింది. మధ్యప్రదేశ్‌కు పంపిన పేరును త్రిపురకు మార్చింది. 2010లో అమిత్ షాను సీబీఐ కస్టడీకి పంపిన న్యాయమూర్తి ఆయన. సుప్రీంకోర్టుకు రాకుండానే 2022లో రిటైరయ్యారు. కొలీజియం ఎక్కడ బిగుస్తుందో, ఎక్కడ వంగుతుందో తీర్మానాల్లో వెతికితే దొరకదు.

నియామకం గురించి ఇంత మాట్లాడుకుని దిగిన తర్వాతి సంగతి వదలకూడదు. ఇందులో తెలుగువాళ్ల వాటా పెద్దది. రాజమహేంద్రవరం బిడ్డ కోకా సుబ్బారావు 1966 జూన్‌లో దేశ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967 ఫిబ్రవరిలో గోలక్‌నాథ్ కేసులో 6-5 తీర్పు ఇచ్చారు. ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించలేదన్నారు. ఏప్రిల్ 11న, ఇంకా మూడు నెలల సర్వీసు ఉండగా, రాజీనామా ఇచ్చి ప్రతిపక్షాల రాష్ట్రపతి అభ్యర్థిగా నిలబడ్డారు. జాకిర్ హుసేన్‌కు 4,71,244, ఆయనకు 3,63,971 ఓట్ల విలువ వచ్చింది. ఆయన నిజాయితీని శంకించేవాళ్లు నాకు ఎక్కడా తగల్లేదు. కానీ ప్రభుత్వానికి ఎదురుదెబ్బ తగిలిన తీర్పుకూ, ప్రభుత్వానికి ఎదురు నిలబడిన అభ్యర్థిత్వానికీ మధ్య ఆరు వారాల కాలం చాలదని నా అభిప్రాయం. అధికార పార్టీ ఇచ్చే పదవికే కాదు, ప్రతిపక్షం ఇచ్చే టిక్కెట్టుకూ ఎడం అవసరమే.

యాభై ఎనిమిదేళ్ల తర్వాత 2025లో ప్రతిపక్షం మళ్లీ ఒక తెలుగు న్యాయమూర్తి దగ్గరికే వెళ్లింది. జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, ఉపరాష్ట్రపతి పదవికి. ఈయన దిగి పద్నాలుగేళ్లయింది. అయినా 2011లో సల్వా జుడుంను కొట్టేసిన తీర్పును కేంద్ర హోంమంత్రి ఎన్నికల ప్రచారంలోకి లాక్కొచ్చారు. సెప్టెంబరు 9న 452-300తో సి.పి. రాధాకృష్ణన్ గెలిచారు. పదిహేను రోజుల ప్రధాన న్యాయమూర్తి సారంగి చేత రాంచీలో ప్రమాణం చేయించిన గవర్నర్ ఈ రాధాకృష్ణనే. మన రాజ్యాంగ పదవుల ప్రపంచం ఎంత చిన్నదో!

గవర్నర్ల సంగతికొస్తే అమరావతి వైపు చూడాలి. అయోధ్య ధర్మాసనంలో ఉన్న జస్టిస్ అబ్దుల్ నజీర్ 2023 జనవరి 4న సుప్రీంకోర్టు నుంచి దిగారు, ఫిబ్రవరి 12న ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా ఆయన పేరు ప్రకటించారు. అదే ధర్మాసనానికి నాయకత్వం వహించిన రంజన్ గొగోయ్ రిటైరైన నాలుగు నెలలకు రాజ్యసభకు వెళ్లారు. చట్టం దేన్నీ అడ్డుకోదు. దిగిన సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఏ కోర్టులోనూ వాదించకూడదని 124వ అధికరణంలో ఉంది. పదవి తీసుకోకూడదని మాత్రం లేదు. ప్రభుత్వ ఉద్యోగాలు వద్దని 1958లోనే సెతల్వాడ్ లా కమిషన్ చెప్పింది. చలమేశ్వర్ దిగేముందే తాను ప్రభుత్వం ఇచ్చే ఏ పనీ తీసుకోనని చెప్పి ఊరికి వెళ్లిపోయారు. అలాంటి మాట ముందే చెప్పడం ఆయన ఇష్టానికి వదిలేసిన విషయం కావడమే ఇక్కడి లోపం.

దేశ ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న జస్టిస్ ఎన్.వి. రమణ ఇంకో నెలలో దిగుతారనగా, 2022 జులై 23న, రాంచీలో జస్టిస్ ఎస్.బి. సిన్హా స్మారకోపన్యాసం ఇచ్చారు. మీడియా కంగారూ కోర్టులు నడుపుతోందన్న మాటే మర్నాటి పత్రికలకెక్కింది. అదే ఉపన్యాసంలో రెండు ముక్కలు వెనకబడిపోయాయి. ఒకటి, తనకు రాజకీయాల్లోకి రావాలని ఉండేదని, విధి మరోలా తలచిందని. రెండోది, నాయకులకూ అధికారులకూ పోలీసులకూ దిగాక కూడా రక్షణ ఉంటుంది, న్యాయమూర్తులకే ఉండదని. అంతకు ఏడాది ముందు అదే రాష్ట్రంలో, ధన్‌బాద్‌లో, ఉదయపు నడకకు వెళ్లిన జిల్లా అదనపు న్యాయమూర్తిని ఆటోతో గుద్ది చంపారు. కాబట్టి ఆ మాట ఊరికే అన్నది కాదు. రమణ నియామకమే రాజకీయపు అంచున నడిచింది. 2020 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ఆయన మీద అప్పటి ప్రధాన న్యాయమూర్తికి ఫిర్యాదు రాసి బయటపెట్టారు. 2021 మార్చి 24న ఆ ఫిర్యాదును కొట్టేసినట్టు కోర్టు చెప్పిన రోజే వారసుడిగా ఆయన పేరు వెళ్లింది. సుబ్బారావు తర్వాత యాభై నాలుగేళ్లకు వచ్చిన రెండో తెలుగు ప్రధాన న్యాయమూర్తి ఆయన. 2021 ఆగస్టు 31న ఒక్కరోజే తొమ్మిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తుల చేత ప్రమాణం చేయించారు. ఖురేషీ పేరు లేని జాబితా పంపడానికి కొలీజియంలోని జస్టిస్ నారిమన్ ఒప్పుకోలేదని, ఆగస్టు 12న ఆయన దిగాకే దారి తెరుచుకుందని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆయన దిగిన అయిదో రోజున జాబితా వెళ్లింది. ఒకరి రిటైర్మెంటు తేదీ తొమ్మిది మంది తలరాత మార్చగలదనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఆ తొమ్మిదిలో హైదరాబాద్‌కు చెందిన పి.ఎస్. నరసింహ ఒకరు, బార్ నుంచి నేరుగా వచ్చారు. సీనియారిటీ సజావుగా నడిస్తే 2027 సెప్టెంబరులో అదే జాబితాలోని జస్టిస్ నాగరత్న తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తి అవుతారు, 36 రోజులకు. ఆ వెంటనే నరసింహ, ఆరు నెలలకు. తొలి మహిళకు దేశం మిగిల్చిన గడువు నెలా ఆరు రోజులు! ఆమె పేరు ఇంకొన్నేళ్ల ముందు పంపి ఉంటే ఈ లెక్క వేరుగా ఉండేది.

ఇవన్నీ పెద్దల వరుసల గొడవలు, సాక్చీ సివిల్ కోర్టులో వాయిదాకు నిలబడ్డవాడికి ఏం పట్టింది అని అడగొచ్చు. జంషెడ్‌పూర్‌లోనే జవాబుంది. ఈ ఊరికి మునిసిపాలిటీ ఉండాలా, టాటాల నిర్వహణలోనే ఉండాలా అన్న తగాదా 1988లో సుప్రీంకోర్టు గడప తొక్కింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఆర్.ఎస్. పాఠక్, వరుసలో 18వ వారు. ఝార్ఖండ్ ప్రభుత్వం జంషెడ్‌పూర్‌ను ఇండస్ట్రియల్ టౌన్‌షిప్‌గా ప్రకటించిన 2023 చివరికి ఆ కుర్చీలో ఉన్నది డి.వై. చంద్రచూడ్, 50వ వారు. సగటున ఏడాదికి కాస్త పైన ఒక్కొక్కరు. ఇందులో కె.ఎన్. సింగ్ 1991లో ఉన్నది 17 రోజులు. ఏ ధర్మాసనం ఏ కేసు వినాలో నిర్ణయించే మనిషే ఇంత తొందరగా మారుతుంటే పాత కేసులను తవ్వి తీసే పథకం ఎవరు వేస్తారు, ఎవరు ముగిస్తారు?

హైకోర్టు సంగతి ఇంకా గట్టిది. జంషెడ్‌పూర్ నుంచి సుమారు 130 కిలోమీటర్లు వెళ్తే రాంచీ ధుర్వాలో 2023 మేలో రాష్ట్రపతి ప్రారంభించిన కొత్త హైకోర్టు భవనం. మంజూరైన న్యాయమూర్తుల పదవులు 25. ఖాళీలకు పేర్లు ఎంచాల్సింది ప్రధాన న్యాయమూర్తి, ఇద్దరు సీనియర్లు. తాత్కాలికంగా కూర్చున్నవారు ఆ పనికి సాధారణంగా వెనకాడతారు, రెండు వారాల్లో దిగేవారికి ఆ తీరికే ఉండదు. కేసుల జాబితా కూడా ప్రధాన న్యాయమూర్తి చేతిదే. యావజ్జీవ శిక్ష పడ్డ నలుగురి అప్పీళ్లలో ఇదే హైకోర్టు 2022లో వాదనలు ముగించి తీర్పు రిజర్వు చేసింది. తీర్పు రాలేదు. వాళ్లు జైలు నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లాక, 2025 మేలో తీర్పు వస్తే ముగ్గురు నిర్దోషులు. నాలుగో అప్పీలులో ఇద్దరు న్యాయమూర్తులకూ అభిప్రాయం కలవలేదు. ప్రధాన న్యాయమూర్తుల ఖాళీ వల్లే ఇది జరిగిందని నేననను, అలా అనడానికి ఆధారం లేదు. రిజర్వు చేసిన తీర్పులు ఎన్నాళ్లుగా మూలుగుతున్నాయో చూసి అడగాల్సిన మనిషి స్థిరంగా లేకపోతే ఎవరడుగుతారన్నదే నా ప్రశ్న. పైగా తీర్పు ఇవ్వకుండా న్యాయమూర్తి రిటైరైతే వాదనలు మళ్లీ మొదటికొస్తాయి. లాయరు ఫీజు కూడా.

మందు ఏమిటి? హైకోర్టులోనూ వయసు 65 చెయ్యాలని 2010లో 114వ సవరణ బిల్లు తెచ్చారు, అది మురిగిపోయింది. ఇంకో మూడేళ్లు కలిపితే రిటైర్మెంటు తర్వాతి పదవులకోసం ఎదురుచూపులు తగ్గొచ్చు. అంతకన్నా నాకు నచ్చినది చప్పగా కనిపించే చిన్న పని. ఖాళీ తేదీ ముందే తెలుసు కాబట్టి పేరు ఆరు నెలల ముందు వెళ్లాలి, కేంద్రం అభ్యంతరమేదో కాగితం మీద పెట్టాలి, గడువు దాటితే నియామకం జరిగినట్టే లెక్కించాలి. 2021 ఏప్రిల్‌లో మహానది కోల్‌ఫీల్డ్స్ కేసులో సుప్రీంకోర్టు వారాలవారీగా గడువులు రాసింది. కొలీజియం రెండోసారి పంపిన పేరుకు మూడు నాలుగు వారాలంది. గడువు దాటితే ఏమవుతుందో మాత్రం రాయలేదు. ఆ ఒక్క వాక్యం లేకే కేంద్రానికి ఆ తీర్పు సలహాగా మిగిలింది. ఆ వాక్యం రాయడానికి కోర్టు ఎందుకు జంకుతోందో ఊహించడం కష్టం కాదు. గడువు అంటూ పెడితే కొలీజియానికీ వర్తిస్తుంది.

రామచంద్రరావు రాంచీలో పది నెలలే ఉన్నారు. 2025 జులైలో ఆయన్ను త్రిపురకు, అగర్తలాకు, బదిలీ చేశారు. కోర్టుకెక్కి మరీ తెచ్చుకున్న ప్రధాన న్యాయమూర్తి అలా వెళ్లిపోయారు. ఆయన స్థానంలో హిమాచల్ నుంచి జస్టిస్ తర్లోక్ సింగ్ చౌహాన్ వచ్చారు. చేరిన రోజుకు ఆయన సర్వీసులో మిగిలింది ఆరు నెలల లోపే. ఈ సంగతి పేరు ఎంచిన కొలీజియానికీ తెలుసు, ఉత్తర్వు ఇచ్చిన ప్రభుత్వానికీ తెలుసు.